రెండో వరుసలో మొదటి గడి

సిద్దిపేటలో మా అక్క బిడ్డ ఐదో తరగతి చదువుతోంది. సాయంత్రం ఫోన్‌లో గుణకారాలు ప్రాక్టీసు చేస్తుంది, లెక్క మాత్రం రఫ్ నోట్సులోనే వేస్తుంది. మొన్న 347ను 26తో గుణించి 2,776 అని కొట్టింది. తప్పని చూపించింది ఫోన్. ఎక్కడ తప్పిందో దానికేం తెలుస్తుంది? జవాబు గడిలో పడేది చివరి అంకెలే. దారంతా నోట్సులో ఉంది.

నోట్సు చూశాను. మొదటి వరుస పొల్లుపోలేదు. ఆరేళ్ళ నలభై రెండు, రెండు వేసి నాలుగు చేతిలో. ఆరు నాళ్ళ ఇరవై నాలుగు, చేతిలోవి కలిపితే ఇరవై ఎనిమిది, ఎనిమిది వేసి రెండు చేతిలో. ఆరు మూళ్ళ పద్దెనిమిది, రెండుతో ఇరవై. మొత్తం 2,082.

ఇక్కడ కాస్త ఆగాలి. గుణ్యం ఎంత పొడవున్నా ఈ పద్ధతిలో చేతిలో ఒక్క అంకెకు మించి పెట్టుకోనక్కర లేదు. తొమ్మిది తొమ్మిదుల 81, దానికి చేతిలో ఉండగల పెద్ద అంకె 8 కలిపినా 89. మళ్ళీ చేతికొచ్చేది 8. ఇరవై అంకెల సంఖ్యకైనా పిల్ల గుర్తుపెట్టుకోవలసింది అంతే.

రెండో వరుసలో 694 వేసింది. ఎక్కం సరిగ్గానే చెప్పింది కానీ, దాన్ని ఒకట్ల కిందే మొదలుపెట్టింది.

"ఆడ ఇంటూ గుర్తు ఎందుకు పెడ్తరు మామా? టీచర్ పెట్టమన్నది, నేను మర్చిపోయిన."

ఫోన్ అసలు అక్కరకొచ్చింది ఇక్కడే. ఖాన్ అకాడమీలో వైశాల్య నమూనా పాఠం ఉంది. ఆ పద్ధతిలో ఒక దీర్ఘచతురస్రం గీసి, పొడవును 300, 40, 7గా, వెడల్పును 20, 6గా విడగొట్టాం. ఆరు గదులయ్యాయి. పై అంతస్తులో 6,000, 800, 140. కింద 1,800, 240, 42. కింది మూడూ కలిపితే 2,082, నోట్సులో ఉన్న మొదటి వరుసే. పైవి కలిపితే 6,940. పై అంతస్తులో ప్రతి గదీ ఇరవైతో గుణించినదే కాబట్టి, అక్కడ విడి ఒకట్లు ఉండే వీలే లేదు. ఇంటూ గుర్తు కూర్చునే గడి అదే. రెండంతస్తులూ కలిపితే 9,022.

మరి ఆ 2,776 ఏమిటి? స్థానం జరపకపోతే 2 ఇరవై కాదు, రెండే. అంటే 347ను రెండూ ఆరూ ఎనిమిదితో గుణించింది. ఎనిమిదితో గుణించి చూడండి, సరిగ్గా 2,776. ఇంత చక్కగా తన కారణం తానే చెప్పే తప్పు లెక్కల్లో అరుదు.

స్థానం జరపడం మనవాళ్ళకు పాత విద్యే. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు చెప్పిన గుణకార పద్ధతి పేరు కవాటసంధి. గుణ్యాన్నీ గుణకాన్నీ తలుపు రెక్కల్లా ఒకదాని కింద ఒకటి ఉంచి, ఒక్కో స్థానం జరుపుతూ పోవడం. లబ్ధం హారంలా అందంగా వచ్చే లెక్కలనూ ఆయన ఏరి పెట్టాడు. వాటిలో ఒకటి 1,52,207 × 73. యాప్ ఇచ్చే లెక్కలు అయిపోయాక అక్క బిడ్డకు ఇది ఇచ్చాను.

మీ ఇంట్లోనూ ఇచ్చి చూడండి. మూడుతో వచ్చే వరుస 4,56,621, ఏడుతో వచ్చేది 10,65,449. రెండో వరుసలో మొదటి గడి వదిలి కలిపితే ఎనిమిది ఒకట్లు వరుసగా నిలబడతాయి. 15,22,070 వస్తే మాత్రం పిల్లలు ఆ గడి మరిచిపోయి పదితో గుణించారన్నమాట.