పోయిన మరను నిలబెట్టే చేతులు

గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాటు ఎక్కే కారైనా, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చే కారైనా, వెనక సస్పెన్షన్ మీద పడే భారం మామూలుది కాదు. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, మలుపు మలుపుకీ బ్రేకు. కమాన్ కట్టలుండే బొలెరో, ఓమ్నీ లాంటి బండ్లలో యూ బోల్టులు వదులవుతాయి. కాయిల్ స్ప్రింగుల కార్లలో షాకబ్జర్ కింది బోల్టు, ట్రెయిలింగ్ ఆర్మ్ బోల్టు వదులవుతాయి. రబ్బరు బుష్షు మార్చడానికి ఆ బోల్టు విప్పి, తిరిగి బిగించబోతే అది ఊరికే తిరుగుతూ ఉంటుంది. బోల్టును పట్టే లోపలి చుట్ల మర పోయిందన్నమాట. అప్పుడు చాలామంది చెప్పే మాట ఒకటే: యాక్సిల్ మార్చాలి, లేదా ఆర్మ్ మొత్తం మార్చాలి. వేలంత బోల్టు పట్టే రంధ్రం కోసం మోయలేనంత ఇనుము పారేయమనడం అది. మార్కాపురం, కంభం, గిద్దలూరు లేత్ షెడ్లలో మేస్త్రీలు మాత్రం ముందు రంధ్రంలోకి టార్చి వేసి చూస్తారు. ఆ చూపులో ఉన్న విద్య గురించే ఈ వ్యాసం.

బోల్టు అక్కడ ఏం చేస్తుందో తెలిస్తే పని విలువ తెలుస్తుంది. అడ్డంగా పడే బరువును బోల్టు కాడే మోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు రెండు ఇనుప ముక్కలను ఒకదానికొకటి అదిమి పట్టుకుంటుంది, ఆ అదుముడులో పుట్టే రాపిడే బరువును ఆపుతుంది. తల మీద 8.8 అని అచ్చుపడిన 12 మిల్లీమీటర్ల బోల్టును సుమారు 80 న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తే, అది సుమారు మూడున్నర టన్నుల ఒత్తిడితో ముక్కలను పట్టి ఉంచుతుంది. అంత ఒత్తిడీ ఆ సన్నని మరల మీదే. అందులోనూ పంపకం సమానంగా ఉండదు: రంధ్రం నోటి దగ్గర మొదటి మర ఒక్కటే సుమారు మూడోవంతు భారం మోస్తుంది. మర తెగితే అదుముడు పోతుంది, ముక్క కదలడం మొదలవుతుంది, గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది, చివరికి బోల్టే విరుగుతుంది. ఘాటు మలుపులో అది విరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మర ఎందుకు పోతుంది? తుప్పు ఒక కారణం. చేత్తో నాలుగు చుట్లు తిప్పకుండా నేరుగా గాలి గన్ను పెట్టి బోల్టు ఎక్కించడం మరో కారణం. వంకరగా పట్టిన బోల్టును గన్ను కనికరించదు, మరను కోసుకుంటూ పోతుంది. మన ప్రాంతంలో ఎక్కువ పట్టించుకోవాల్సింది మూడోది, అంగుళాల బోల్టు, మిల్లీమీటర్ల రంధ్రం కలవడం. పాత ట్రాక్టర్లు, అంబాసిడర్లు అంగుళాల మర మీద తయారైనవి. 1983లో వచ్చిన మారుతీ, ఆ తరవాత వచ్చిన కార్లు మెట్రిక్. షెడ్డులో పాత బోల్టుల డబ్బా మాత్రం ఒకటే. సన్న మర ఉన్న 7/16 అంగుళం బోల్టు మందం 11.1 మిల్లీమీటర్లు, మరకూ మరకూ దూరం 1.27. కారులో ఉండేది 12 మిల్లీమీటర్లు, దూరం 1.25. ఆ అంగుళాల బోల్టు ఈ రంధ్రంలోకి కొన్ని చుట్లు హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మర అంచులు పట్టీపట్టకుండా ఉంటాయి. పానా గట్టిగా లాగగానే రెండు మరలూ పోతాయి. తెలిసిన మేస్త్రీ రెండు బోల్టులను పక్కపక్కన ఆనించి, మరలో మర కూర్చోబెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. సందులోంచి వెలుతురు కనిపిస్తే ఆ బోల్టు మళ్లీ డబ్బాలోకే.

అన్ని మరలూ ఒకేలా పోవు. నోటి దగ్గర రెండు చుట్లు నలిగి లోపలంతా బాగుంటే, కొత్తగా కోయాల్సింది ఏమీ లేదు, ఉన్నదాన్ని సరిచేస్తే చాలు. దానికి మర కోసే ట్యాపు లేకపోయినా పని నడుస్తుంది. అదే కొలత మంచి బోల్టు తీసుకుని, దాని మరల మీద నిలువుగా మూడు నాలుగు గాళ్లు హ్యాక్‌సాతో కోస్తారు. ఆ గాళ్లలోకి తుప్పు, నలిగిన ఇనుము రజను చేరుతుంది. నూనె రాసి మెల్లగా తిప్పితే పాత మర తన దారి తాను వెతుక్కుంటుంది.

మర పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే రంధ్రం పెంచి పెద్ద మర కోయాలి. లెక్క తేలిక: బోల్టు మందంలోంచి మరల దూరం తీసేస్తే డ్రిల్లు కొలత. 14 మిల్లీమీటర్లు, 1.5 దూరం ఉన్న మర కావాలంటే 12.5 డ్రిల్లు. లెక్క తేలికే గాని చెయ్యి తేలిక కాదు. డ్రిల్లు ఒక్క డిగ్రీ ఒరిగినా బోల్టు తల ఒక పక్కే ఆనుతుంది.

ట్యాపులు మూడుంటాయి. మొదటిది మొన సన్నగా ఉండి దారి చేస్తుంది, రెండోది లోతు చేస్తుంది, మూడోది అడుగు దాకా నిండుగా కోస్తుంది. మేస్త్రీ ట్యాపును రంధ్రంలో నిలబెట్టి, మూలమట్టం ఆనించి రెండు వైపుల నుంచీ చూస్తాడు. ఆ తరవాత హ్యాండిల్ రెండు కొనలనూ సమానంగా పట్టుకుని అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతాడు. వెనక్కి తిప్పినప్పుడు చిన్నగా 'టక్' మంటుంది, రజను తెగిన చప్పుడది. ఉక్కుకైతే నూనె, అల్యూమినియానికైతే కిరసనాయిలు. చేతికి తగిలే బరువు ఒక్కసారిగా పెరిగితే ఆగిపోవాలి, ట్యాపు బయటికి తీయాలి, రజను దులపాలి. మొండికేస్తే ట్యాపు పుటుక్కున లోపలే విరుగుతుంది. ట్యాపు గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. పోయిన మర కంటే విరిగిన ట్యాపు పెద్ద తలనొప్పి. ఆగాల్సిన క్షణం ఏదో చెయ్యే చెప్పాలి. అది పుస్తకంలో దొరకదు, పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

పెద్ద బోల్టు వేయడం అన్నిచోట్లా కుదరదు. షాకబ్జర్ కన్నులోని గొట్టం 12 మిల్లీమీటర్లకే చేసి ఉంటే 14 బోల్టు అందులో దూరదు. అక్కడే లేత్ పనితనం బయటపడుతుంది. ఈఎన్ 8 ఉక్కు కడ్డీని లేత్ మీద పెట్టి చిన్న బుష్షు తీస్తారు, దానికి బయటా మరే, లోపలా మరే. 10 మిల్లీమీటర్ల బోల్టుకైతే బయట 16 మిల్లీమీటర్లు, 1.5 దూరం మర ఇవ్వొచ్చు. రంధ్రాన్ని 14.5కు పెంచి ట్యాపు చేసి, మర బిగించే జిగురు రాసి బుష్షు ఎక్కిస్తారు. అంచు మీద రెండుచోట్ల డాట్ పంచ్‌తో గట్టి చుక్క కొడితే మళ్లీ తిరగదు. చుట్టూ తగినంత ఇనుము ఉన్నచోట ఇది కంపెనీ మర కంటే తక్కువ కాదని నా నమ్మకం.

ఇదే పనికి హెలికాయిల్ వచ్చింది. స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ ఉక్కు తీగ అది. దానికి తగ్గ ప్రత్యేక ట్యాపుతో మర కోసి, తీగను లోపలికి తిప్పి, చివర తోకను విరిచేస్తే పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది. అల్యూమినియం ముక్కలకు ఇంతకంటే మంచి మందు లేదు.

చేయకూడని పనులూ చెప్పాలి. బోల్టుకు నూలో, రేకు ముక్కో చుట్టి బిగించడం దగా. చేతికి బిగువు తగులుతుంది గాని అదుముడు రాదు. రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ మర కోయడం అంతకంటే ప్రమాదం. వేడికి చుట్టుపక్కల ఉక్కు గుణం మారిపోతుంది, ఎక్కడో పెళుసవుతుంది. పైగా వెనక సస్పెన్షన్ పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, కొన్ని కార్లలో గ్యాస్ సిలిండరు కూడా. ఛాసిస్ పెట్టె లోపల కంపెనీ అతికించిన నట్టు ఊడి తిరుగుతుంటే మాత్రం వెల్డింగు తప్పదు. కిటికీలా కోసి, కొత్త నట్టు అతికించి, మూసి, తుప్పు పట్టకుండా రంగు వేయాలి. ఆ పనికి ముందు ట్యాంకు దించని షెడ్డులో బండి ఉంచకండి. ఆర్మ్ బీటలు వారినా, రంధ్రం సాగి అంచు పల్చబడినా మర జోలికే పోకూడదు, ముక్క మార్చాల్సిందే. "ఇది నా వల్ల కాదన్నా, కొత్తది తెప్పించు" అని చెప్పగలిగిన మేస్త్రీనే నేను ఎక్కువ గౌరవిస్తాను.

ఈ విద్య ఇక్కడ నిలవడానికి కారణం కార్లొక్కటే కాదు. దేశానికి పలకలు పంపిన మార్కాపురంలో పలకలు కోసే యంత్రాలున్నాయి, చుట్టూ పల్లెల్లో బోరు మోటార్లు, ట్రాక్టర్లు ఉన్నాయి. ముక్క కోసం ఒంగోలు దాకా వెళ్లి రావాలంటే రోజు పోతుంది, తడి అందని పైరు ఆ రోజు ఆగదు. ఆ అవసరమే లేత్ షెడ్లను పోషించింది. ఐటీఐల్లో ఫిట్టర్, టర్నర్ కోర్సులు రెండేళ్లు, ట్యాపు పట్టడం అక్కడ నేర్పుతారు. కానీ ముక్కలు మార్చడమే మరమ్మతు అనుకునే రోజుల్లో ఆ పిల్లలకు షెడ్డులో చెయ్యి తిరిగే అవకాశం తగ్గిపోతోంది. మన బండి పనికి లేత్ షెడ్డు గడప తొక్కితేనే వాళ్లకు పని.

మీ కారుకు ఈ అవస్థ వస్తే, యాక్సిల్ మార్చమనేలోపు ఒక మంచి లేత్ మేస్త్రీకి చూపించండి. మర బాగుచేశాక పాత బోల్టు వేయనివ్వకండి, తల మీద గుర్తు ఉన్న కొత్తది అడగండి. మొదటి చుట్లు చేత్తోనే తిప్పమనండి. రబ్బరు బుష్షు బోల్టుకు చివరి బిగింపు జాకీ దించి, చక్రాలు నేల మీద ఆనాకే ఇవ్వాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక అదే షెడ్డుకు వెళ్లి బిగింపు మరోసారి చూపించుకోండి.