ఉదయగిరి జంటకవులు: అవిభక్త కర్తృత్వము

ఆంధ్రవాఙ్మయమున జంటకవిత్వమునకు మొదటివారుగా నంది మల్లయయు ఘంట సింగనయు ప్రసిద్ధులు. సింగన మల్లయకు మేనల్లుడు. మలయమారుతకవి యని పేరు వహించినవాడు. పదునైదవ శతాబ్దపు టుత్తరార్ధమున నుదయగిరి నేలిన బసవరాజునకు మంత్రియగు గంగయకు వీరు ప్రబోధచంద్రోదయము నంకితమిచ్చిరి. వరాహపురాణమును శ్రీకృష్ణదేవరాయల తండ్రియగు తుళువ నరసనాయకునకు సమర్పించిరి. ప్రభువులు మారినను జంట మారలేదు. దూబగుంట నారాయణకవి పంచతంత్రమును గూడ నంకితమందినవా డాబసవరాజే. కావున నుదయగిరి, ఆత్మకూరు సీమవారికి దుర్గచరిత్రముతోపాటు కావ్యచరిత్రమును స్వకీయమే.

ఇరువురు కలిసి రచించిరనగానే ఏ పద్య మెవ్వరిదను ప్రశ్న పుట్టుట సహజము. భారతమున నా ప్రశ్నకు సమాధానము కలదు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన లొకరి తరువాత నొకరు వేర్వేరు కాలముల రచించిరి. భాస్కరరామాయణమున కాండములను బట్టి కర్తృభేదము చెప్పబడుచున్నది. ప్రబోధచంద్రోదయ మట్టిది కాదు. దాని గద్యమున నిరువురి తండ్రుల పేర్లును, ఇరువురి పేర్లును కలవు. భాగవిభజన మాత్రము లేదు.

అయినను విభజింప గోరు విమర్శకునకు గ్రంథమే యొక వల పన్నుచున్నది. కృష్ణమిశ్రుని సంస్కృతనాటకమున మనస్సునకు ప్రవృత్తివలన మహామోహుడును, నివృత్తివలన వివేకుడును జనింతురు. ఈ దాయాదుల పోరే కథ. మోహపక్షము నొకరికిని, వివేకపక్షము వేరొకరికిని పంచి యిచ్చుట సులభముగా దోచును. మృదువైన పద్యమెల్ల మలయమారుతునిదే యనుటయు నట్టిదే. బిరుదము శైలికి సాక్ష్యము కానేరదు.

వీరు చేసిన పనిని చూచినచో నీపంపకము మఱింత యసంగతమగును. నాటకమున దంభాహంకారుల వేషము, నడక, చూపు నటుని దేహమున గానవచ్చును. దానిని శ్రవ్యకావ్యముగా మార్చునపుడు సంభాషణము నిలుపుచునే, రంగమున గనబడుదానిని వర్ణనచే గల్పింపవలెను. సంభాషణ మొకరును వర్ణన మొకరును వ్రాసిరనుకొన్నను, రెండును బొందికగా నతుకుటకు బ్రతిపద్యమునను నిరువురి యంగీకారము కావలెను. ఆ యంగీకారమే జంటకవిత్వము.

అయితే విభజన మెల్లప్పుడును వ్యర్థము కాదు. అమెరికాలో డ్యూక్ ఎలింగ్‌టన్ జాజ్ వాద్యబృందమునకు బిల్లీ స్ట్రేహార్న్ 1939 మొదలు 1967లో మరణించువఱకు సహరచయితగా నుండెను. అతని కృషి పెక్కు తావుల నెలింగ్‌టన్ పేరి చాటున మరుగుపడెను. తరువాతివారు వ్రాతప్రతులను బరిశీలించి యాతని పాలు వేఱుచేసి చూపుట న్యాయమైనది. పేరు లోపించినచోట విభజనము ఋణవిమోచనము. ఇరువురి పేర్లును సమముగా వెలసినచోట నది కేవలము కుతూహలము.

తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో గతించిన పిమ్మటను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట పేరనే గ్రంథములను బ్రకటించెను. ఉదయగిరి గద్యము నెలకొల్పిన మర్యాద యదియే. కావున ప్రబోధచంద్రోదయమును బోధించు పండితులు ‘ఇది యెవ్వరిది?’ యని యడుగుటకంటె ‘ఈ యతుకు కనబడకుండుట యెట్లు సాధ్యమాయెను?’ అని యడుగుట మేలు. మొదటి ప్రశ్నకు సాక్ష్యము లేదు. రెండవదానికి గ్రంథమంతయు సాక్ష్యమే.