పట్టు విడుపుల గణితము

2025 భాద్రపద పూర్ణిమనాఁటి రాత్రి డాబాపైఁ జాప పఱచుకొని, ఒడిలోఁ బంచాంగ ముంచుకొని కూర్చున్న నాకు, 9 గంటల 57 నిమిషములకుఁ జంద్రబింబపు టంచు మసకబాఱఁగానే స్మరణకు వచ్చినది రాహువు కాదు, ఉగాదికి మునుపే ఆ క్షణమును లెక్కగట్టి యచ్చొత్తించిన సిద్ధాంతిగారు. చంద్రకక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలియుండుటచేతఁ బ్రతి పున్నమకును గ్రహణము పట్టదు. పూర్ణిమాచంద్రుఁడు పాతమునకు, అనఁగా నా కక్ష్య సూర్యమార్గమును ఖండించు చోటికి, ఎంత చేరువనుండునో, స్పర్శ నిమీలనోన్మీలన మోక్షము లెప్పుడో అంకెలతోఁ బట్టి చూపుట యాయన విద్య. ఊరగాయజాడీలపై దర్భలు వేసి, పళ్లెములో రోకలి నిలిపిన మా యమ్మకు గణితముతోఁ బనిలేదు, “విడు పెప్పుడురా?” యని మాత్ర మడిగినది. 82 నిమిషములు రాగిచెంబువలె ఎఱ్ఱనై యుండిన చంద్రుని నడుమ నొక మబ్బు కప్పినది (అది సిద్ధాంతిగారి లెక్కలోనిది కాదు). 1 గంట 26 నిమిషములకు విడిచినది. అమ్మ స్నానమునకు లేచినది.