ముందుగాల తీసిన పిడికెడు

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి డబ్బాలో వేయాలి. ఇది మా అమ్మ పెట్టిన నియమం. తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో పిడికెడు బియ్యం అంటే తెలియనివాళ్లు తక్కువ. పూటపూటకూ తీసినదాన్ని ఆదివారం గుడికి తీసుకెళ్లి సంచిలో పోస్తారు. "మిగిలితే ఇద్దామంటె ఎన్నడూ మిగలదు బిడ్డా, ముందుగాలనే తీసిపెట్టాలె" అనేది అమ్మ.

అమ్మది డోర్నకల్ పక్కన పల్లె. నాన్నకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని దొరికాక తార్నాకలో కాపురం పెట్టారు. ఆ డబ్బా అలవాటు ఆమెతోపాటే రైలెక్కి వచ్చింది. డోర్నకల్ మనుషులకు అదెలా ఒంటబట్టిందో తెలియాలంటే బిషప్ అజరయ్య గురించి చెప్పుకోవాలి. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకున్నాడాయన. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఎంత లేనివాళ్లయినా కానుక ఇవ్వాల్సిందేనని ఆయన పట్టు. ఇవ్వడం గురించి ఏకంగా పుస్తకమే రాశాడు.

పేదల దగ్గర పుచ్చుకోవడమేమిటని చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. తరతరాలుగా దొర కల్లంలో కొలిచి పోసిన గింజలకు కొంగు పట్టినవాళ్లకు, తమ చేత్తో తాము ఇంకొకరికి పోయడం ఎంత పెద్ద మాటో తర్వాత అర్థమైంది. ఆ పిడికెడు తీసేటప్పుడు అమ్మ ఎవరికీ తీసిపోని మనిషి.

గుడి సంచిలో అన్ని ఇళ్ల బియ్యం కలుస్తాయి. రేషన్ దొడ్డు బియ్యం, సన్న సోనామసూరి, కొత్తవి, పాతవి. వాటిని కలిపి వండితే కొంత గుజ్జవుతుంది, కొంత పలుకుగా మిగులుతుంది. అందుకే మా గుడిలో వేలం పాడి, వచ్చిన డబ్బు అవసరమున్నవాళ్లకు ఇచ్చేవారు. అమ్మ అప్పుడప్పుడు ఆ కలగాపులగం బియ్యాన్నే పాడుకుని, నానబెట్టి దోసెలకు రుబ్బేది. పిండిలో ఎవరి బియ్యం ఎవరివో తెలియదు కదా!

పిడికెడంటే నలభై యాభై గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు రెండున్నర, మూడు కిలోలు. ఇప్పుడు అంబర్‌పేటలో నా డబ్బా నిండితే యూనివర్సిటీ దిక్కు వెళ్తుంది. గ్రూప్స్‌కు చదువుతూ క్యాంపస్ చుట్టుపక్కల గదుల్లో నలుగురైదుగురు కలిసి వండుకునే పిల్లలకు బియ్యం ఎప్పుడూ అవసరమే. వాళ్లలో ఎవరిది ఏ మతమో నేను అడగను. అమ్మా అడిగేది కాదు.

"నెలకోసారి ఫోన్‌పే చేస్తే సరిపోదా అమ్మా?" అంటుంది మా అమ్మాయి. డబ్బు పంపడం మంచిదే, నేనూ పంపుతాను. కాకపోతే ఒకసారి నొక్కేస్తే నెలంతా మర్చిపోవచ్చు. ఈ పిడికెడుతో అలా కుదరదు. మన ఆకలి తీర్చుకునే ముందు, పూటపూటకూ, ఇంకొకరి ఆకలిని తలుచుకోవాలి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన 'బుహ్‌ఫై థామ్' కూడా ఇదే పద్ధతి. ఆ పిడికెళ్లతోనే అక్కడి సంఘం ఎన్నో పనులు నడుపుతోంది.

తల్లిదండ్రులను సన్మానించమన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. వర్ధంతికి ఫొటోకు దండ వేయడం కన్నా, అమ్మ చేసిన పని రోజూ నా చేత్తో చేయడమే నాకు తెలిసిన సన్మానం.

ఇస్తే పదింతలు వస్తుందని ఈమధ్య వేదికల మీద గట్టిగా చెబుతున్నారు. అమ్మ నాకలా చెప్పలేదు. ఏలీయాకు ముందుగా రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి కథ ఆమెకు ప్రాణం. ఆ కథలో పిండి తొట్టి పొంగిపొర్లదు, తరగదు, అంతే. మా ఇల్లూ మేడ కాలేదు. ఏ పూటా పొయ్యి వెలగకుండా పోలేదు. దేవునికి స్తోత్రం చెప్పడానికి నాకు అది చాలు.