ఓడటానికి ఒప్పుకోని విలన్

వనపర్తిలో మా బడి రోజుల్లో రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడనివాడు లేడు. అదంతా ముందే రాసుకున్న ఆట అని తెలిశాక అందరిలాగే నేనూ వదిలేశాను. ఈ మధ్య యూట్యూబ్‌లో 'ది షేక్' పాత మ్యాచ్‌లు చూశాక మళ్ళీ పట్టుకుంది.

షేక్ అసలు పేరు ఎడ్ ఫర్హత్. 1926లో అమెరికాలోని మిషిగన్‌లో, అరబ్ వలస కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. రింగులో మాత్రం సిరియా నుంచి ఊడిపడ్డ పిచ్చివాడు. జనం ముందు ఇంగ్లీషు ముక్క మాట్లాడడు. పెన్సిలుతో అవతలివాడి నుదురు చీరేస్తాడు, మొహం మీదికి మంట విసురుతాడు.

అప్పటి టెరిటరీ పద్ధతి మన పాలమూరు వాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లాగా ఒక్కో ప్రాంతం ఒక్కో ప్రమోటర్‌ది. పైన నిజాంలాగా ఎన్‌డబ్ల్యూఏ అనే సంఘం. తమాషా ఏంటంటే, అక్కడ ఆ సంఘం పుట్టిందీ, ఇక్కడ నిజాం పాలన పోయిందీ 1948లోనే. అవధానులు సంస్థానాలు తిరిగినట్టే మల్లయోధులూ టెరిటరీలు తిరిగేవాళ్ళు. విలన్ వస్తాడు, ఊరిని రెచ్చగొడతాడు, చివరికి ఆ ఊరి హీరో చేతిలో ఓడి పక్క టెరిటరీకి పోతాడు. ఓడటం అతని ఉద్యోగంలో భాగం.

షేక్ ఈ లెక్క తప్పించాడు. 1960ల్లో డెట్రాయిట్ టెరిటరీని తనే కొనేశాడు. ఇక ఎవరు గెలవాలో చెప్పేదీ తనే. బోబో బ్రెజిల్ అనే నల్లజాతి హీరో ఇతన్ని చితక్కొడితే చూడాలని జనం కోబో అరీనాకి ఎగబడేవాళ్ళు. కానీ షేక్ ఊరు వదలడు, ఓడాల్సినంత ఓడడు. ఏళ్ళ తరబడి అదే పెన్సిలు, అదే మంట. దానికి కార్ల ఫ్యాక్టరీల కష్టాలూ తోడయ్యాయి. 1980 నాటికి ఆ టెరిటరీ మూతపడింది.

మా తాత వాళ్ళ ఊరి నాటకంలో దుర్యోధనుడు వేసే పెద్దాయన రాత్రంతా మీసం మెలేసి, తెల్లారుజామున తొడ విరిగి పడిపోయేవాడు. పొద్దున రంగు కడుక్కొని, భీముడితో కలిసి చాయ్ తాగేవాడు. విలన్ పాత్ర గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర చూసిందే. ఆ కొలతతో చూస్తే షేక్ ఫెయిలయినట్టే.

అయినా తీసిపారేయలేను. ఆన్‌సైట్‌లో మేనేజర్‌కి నోరు తిరగడం లేదని నా పేరుని నేనే సగానికి కోసుకున్నాను. షేక్ ఆ దేశంలోనే పుట్టి, ఆ దేశపు యూనిఫాం వేసుకున్నా, పరాయివాడి వేషంతోనే బతికాడు. అరవై దాటాక కూడా జపాన్ రింగుల్లో అదే వేషం కట్టాడు. మా పెద్దాయనలా పొద్దున్నే రంగు కడుక్కునే వీలుంటే, అతనూ ఓడటానికి ఒప్పుకునేవాడేమో.