మహానసికుడి వాటా

1921లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని, అప్పటి బిలాస్‌పూర్ జిల్లా కిరారి గ్రామంలో ఒక చెరువు ఎండిపోతే, అడుగు బురదలోంచి ఓ కొయ్య స్తంభం బయటపడింది. దాని మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉంది. అక్షరాల తీరును బట్టి అది క్రీ.శ. రెండో శతాబ్దం నాటిదని పండితుల అంచనా. అన్ని వందల ఏళ్లు నీళ్లలో చెక్కుచెదరని కొయ్య, ఎండ తగిలేసరికి పెచ్చులు పెచ్చులుగా రాలింది, అక్షరాలు కూడా దానితోపాటే పోయాయి. ఊళ్లోని ఒక పండితుడు ముందే వాటిని చూసి నకలు రాసి ఉంచబట్టి శాసనం మనకు దక్కింది. అందులో ఉన్నది అధికారుల జాబితా. సేనాపతి, నగర రక్షకుడు, గణకుడు, భాండాగారికుడు, ఏనుగులనూ గుర్రాలనూ చూసేవాళ్లు, వాళ్ల నడుమ మహానసికుడు, అంటే వంటశాల అధికారి. స్తంభం ఇప్పుడు రాయ్‌పూర్‌లో, 1875లో మొదలైన మహంత్ ఘాసీదాస్ సంగ్రహాలయంలో ఉంది. వంటశాలకు ఒక అధికారి ఉండేవాడని అది చెబుతుంది కానీ అక్కడ ఏం వండేవారో చెప్పదు. ఆ లోటు తీర్చే ఆధారం ఏ గాజు పెట్టెలోనూ దొరకదు. కొంతైనా దొరికితే అది దారి పక్కన పెనం మీదే. అందుకే ఈ ప్రాంతంలో చరిత్ర చూడబోయేవాళ్లు తిండిని మధ్యాహ్నపు విరామంగా కాక, చూడాల్సినవాటిలో ఒకటిగా లెక్కేసుకోవాలంటాను.

బిలాస్‌పూర్‌లో పొద్దున్నే బయల్దేరేవాళ్లకు మూడు దిక్కుల్లో మూడు చోట్లున్నాయి. ఉత్తరాన కలచురుల రాజధాని రతన్‌పూర్, ఆగ్నేయాన మల్హార్, దక్షిణాన మనియారీ నది ఒడ్డున తాలా. మూడూ నలభై కిలోమీటర్ల లోపే అయినా ఒకే రోజు చుట్టేస్తే ఏదీ మనసుకెక్కదు. రతన్‌పూర్‌కు మహామాయ గుడి పేరుతో ఎలాగూ వెళ్తారు కాబట్టి చరిత్ర కోసమైతే తాలా, మల్హార్ ఒక జత. మల్హార్‌లో 12వ శతాబ్దపు పాతాళేశ్వర ఆలయం, శిల్పాల భాండాగారం ఉన్నాయి. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు కూడా దొరికాయి. తాలాలో దేవరాణి, జెఠాణి గుళ్లు, అంటే తోడికోడళ్ల పేరిట రెండు ఆలయాలు. 1988 ప్రాంతంలో దేవరాణి గుడి దగ్గర మట్టి తీస్తుంటే తొమ్మిది అడుగుల విగ్రహం ఒకటి బయటపడింది. రుద్రశివుడంటున్నారు కానీ ఎవరో ఇంకా తేలలేదు. తలపాగా పాములు, ముక్కు బల్లి, మీసం చేపలు, గడ్డం పీత. తత్వం సంగతి పండితులకు వదిలేద్దాం. ఆ శిల్పి ఎంచుకున్న జీవుల్లో సగం చెరువు గట్టునా వరి మడిలోనా కనబడేవే. ఇది వరి దేశం. రాయి చెక్కినవాడూ వరి గట్ల మీద తిరిగినవాడే.

ఆ వరిలోంచి వచ్చిన వంట పద్ధతులు చూస్తే ఇక్కడివాళ్ల తెలివి తెలుస్తుంది. బియ్యప్పిండిలో గోధుమ పిండికున్న సాగే గుణం లేదు. చన్నీళ్లతో కలిపితే ముద్ద విరిగిపోతుంది. ఈ ఒక్క చిక్కుకు ఛత్తీస్‌గఢ్ వంటిల్లు రకరకాల విరుగుళ్లు కనిపెట్టింది. ఫరాకి వండిన అన్నాన్ని మెదిపి పిండిలో కలుపుతారు. ఉడికిన అన్నంలోని గంజే జిగురై ముద్దను పట్టి ఉంచుతుంది. దాన్ని వేళ్లలా తాల్చి, ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, నువ్వులు, పచ్చిమిర్చితో తాలింపు వేస్తారు. పాలతాలికలకు మనవాళ్లు పిండిని ఎసట్లో వేసి ఉక్కిరి తీస్తారు. అన్నం కలపడానికి బదులు పిండినే కాస్త ఉడికిస్తారన్నమాట. చిక్కు ఒకటే, విడగొట్టిన తీరు వేరు. చౌసేలా పూరీలకు వేడినీళ్లతో పిండి తడుపుతారు. అంగాకర్ రొట్టెను ఆకుల మధ్య పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. చీలాకి జిగురుతో పనే లేదు, పిండిని పల్చగా జారుగా కలిపి పెనం మీద పోయడమే. మినుములూ పులియబెట్టడమూ లేని అట్టు అది. పిండి అడుగుకు చేరుతుంది కనుక ప్రతి అట్టుకూ ముందు గిన్నె కలియతిప్పాలి. ఐరసా సంగతి మనవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నానబెట్టిన బియ్యం వడకట్టి, తడి ఆరకముందే దంచి, బెల్లం పాకంలో కలిపి వేయిస్తారు. తడిపిండి కాకపోయినా, పాకం ఒక పిసరు ముదిరినా అది పాడవుతుందని శ్రీకాకుళంలో సంక్రాంతికి అరిసెలు వండే ఏ ఇల్లాలైనా చెప్పగలదు. బోరే బాసీ అంటే నీళ్లలో నానిన రాత్రి అన్నం, పక్కన ఉల్లిపాయ. మన చద్దన్నం, తరవాణీల కోవలోదే అది కూడా. 2022 మే డే నాడు శ్రామికుల గౌరవార్థం దాన్ని తినమని రాష్ట్ర ప్రభుత్వం పిలుపిస్తే, ఏడాది పొడుగునా దాని మొహం చూడని అధికారులు కూడా కంచం పట్టుకుని ఫొటోలు దిగారు.

ఇందులో చరిత్రేముంది, వరి పండే ప్రతిచోటా ఇలాగే వండుకుంటారని ఎవరైనా అనవచ్చు. నిజమే. అరిసె, ఐరసా ఒకలా ఉన్నంత మాత్రాన ఎవరో ఎవరి దగ్గరో నేర్చుకున్నారని తేల్చలేం. నేనూ అలా తేల్చడం లేదు. వంటకం వలసకు రుజువు కాదు, బతుకు తీరుకు రుజువు. నూనె లేకుండా ఆవిరి మీదో నిప్పుల మీదో ఉడికే పద్ధతులు ఇన్ని ఎందుకున్నాయి, మిగిలిన అన్నం ఒక్క మెతుకూ పోకుండా ఇన్ని దారులెందుకు అని అడిగితే, శాసనాల్లో రాజులు చెప్పుకోని సంగతులు కొన్ని తెలుస్తాయి. ఇంకో ఆక్షేపణకు బలం ఎక్కువ. మల్హార్ దారిలో బండి ఆపితే కనబడేది సమోసా, పోహా, జిలేబీ, ఆ మాటకొస్తే ఇడ్లీ కూడా; చీలా పక్కన పెట్టే టమాటా పచ్చడిలో టమాటా, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి కొన్ని వందల ఏళ్ల కిందట వచ్చినవే. ఇందులో పాతదేది? పాతదే చరిత్ర అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు లేదు. మల్హార్ తవ్వకంలో ఒక పొర మీద ఇంకో పొర వచ్చినట్టే కంచంలోనూ పొరలుంటాయి, పై పొర కూడా లెక్కలోకి వస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను జంక్షన్‌ను చేసింది. విశాఖ, విజయనగరం మీదుగా పోయే తీరపు దారి కూడా తర్వాత ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఉత్తరాంధ్ర కుటుంబాలు రైలు కొలువుల కోసం ఇటు వచ్చాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైన ఈ ఊళ్లో బండి మీది ఇడ్లీ ఆ పొరలోదే.

రైలు కంటే ముందు మనకూ ఈ నేలకూ సంబంధం లేదనుకుంటే మాత్రం పొరపాటు. రతన్‌పూర్‌లో దొరికిన, కలచురి రాజు మొదటి జాజల్లదేవుడి 1114 నాటి శాసనం, ఏటేటా తనకు కప్పం కట్టే మండలాల వరసలో దక్షిణ కోసలతో పాటు ఆంధ్రనూ ఖిమిడినీ పేర్కొంది. ప్రశస్తి కాబట్టి రాజు గొప్పలు కొంత తీసేయాల్సిందే, కానీ పొరుగు ఎవరో తెలియకుండా గొప్పలు కూడా చెప్పుకోలేరు. శాతవాహన నాణేలను కూడా కలుపుకుంటే ఈ రాకపోకలు ఇంకా చాలా వెనక్కి పోతాయి.

మ్యూజియంనూ వంటనూ ఒకచోట పెట్టడం ఊహ కాదు, రాయ్‌పూర్‌లో జరిగిందే. ఘాసీదాస్ సంగ్రహాలయం ఉన్న సంస్కృతి శాఖ ఆవరణలోనే 2016లో గఢ్ కలేవా మొదలైంది. స్వయం సహాయక బృందం మహిళలు అక్కడ ఫరా, చీలా, ఐరసా వండి అమ్ముతారు. బిలాస్‌పూర్ నుంచి రైల్లో రెండు గంటల దారి కనుక, కిరారి స్తంభం చూసి ఫరా తిని రాత్రికి ఇంటికి చేరొచ్చు. పాతాళేశ్వర ఆలయం ఎదుట అలాంటి పొయ్యి ఒకటి వెలగడానికి పెద్ద భవనం అక్కర్లేదు. కావలసింది బేరం. బియ్యం ముందు రోజే నానబోయాలి కాబట్టి, వచ్చేవాళ్లుంటారో లేదో తెలియని చోట ఏ మనిషీ ఐరసా వండి కూర్చోదు. గంటలో వేగే సమోసాకే చేయి పోతుంది.