కింది మూత వెనకాల

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ సగంలో ఆగిపోయి, డ్రమ్ములో నీళ్లు నిలిచి, తలుపు తెరుచుకోకపోతే చాలామంది మోటారే పోయిందనుకుంటారు. ఎల్‌జీ మీద ఓఈ అనో, శాంసంగ్ మీద 5సీ అనో, బాష్ మీద ఈ18 అనో కనిపిస్తే కంగారు ఇంకా పెరుగుతుంది. అవన్నీ చెప్పేది ఒకటే: నీళ్లు బయటికి పోవడం లేదు. చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది. దానికి అడ్డం పడింది ఒక పిన్నీసో, రూపాయి బిళ్ళో, వెంట్రుకల ఉండో.

మెషీన్ ముందువైపు, కింద ఓ మూల చిన్న మూత ఉంటుంది. తీస్తే గుండ్రటి ఫిల్టరు, చాలా మోడళ్లలో దాని పక్కనే సన్నటి గొట్టం. ముందు ప్లగ్గు పీకాలి, కుళాయి కట్టాలి. వేడినీళ్లతో ఉతుకుతుంటే అవి చల్లారేదాకా ఆగాలి. గొట్టం నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి బకెట్టు పట్టదు. అంచున్న పళ్లెం పెట్టి, గొట్టం బిరడా తీసి, పళ్లెం నిండగానే బిరడా బిగించి, పారబోసి, మళ్లీ పెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ పనిలో సగం ఓపిక ఇక్కడే కావాలి. తొందరపడి ఫిల్టరు తిప్పేస్తే వంటగది దాకా నీళ్లు పారతాయి.

నీళ్లు తగ్గాక ఫిల్టరుని ఎడమవైపుకి నెమ్మదిగా తిప్పి బయటికి లాగాలి. నూలు పీచు, వెంట్రుకలు, కరగని పౌడరు కలిసి బూడిదరంగు జిగురు వస్తుంది. చాలామంది దాన్ని కడిగేసి, పని అయిపోయిందని మూత పెట్టేస్తారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. సెల్‌ఫోన్ లైటు వేసి లోపలికి చూస్తే పంపు రెక్కలు కనిపిస్తాయి. వాటి వెనక ఇరుక్కున్న ఒక్క జాకెట్ హుక్కు చాలు, పంపు గుయ్యిమంటూనే ఉంటుంది, నీళ్లు కదలవు. రెక్కల్ని స్పూను కాడతో తిప్పి చూడండి. కొంచెం ఆగి ఆగి తిరుగుతాయి. లోపల అయస్కాంతం ఉండటం వల్ల అలా తిరగడం సహజం, పాడైందనుకోవద్దు. మెషీన్ నీళ్లు వదిలే సమయంలో పంపు నుంచి అసలు చప్పుడే లేకపోతే మాత్రం పంపుదో, వైరుదో, బోర్డుదో సమస్య కావచ్చు, అప్పుడు మెకానిక్‌ని పిలవాలి.

మన ఇళ్లలోని టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి ఈ పంపు ఉండదు. వాల్వు తెరుచుకుంటే నీళ్లు వాటంతటవే కిందికి పోతాయి. అక్కడ పిన్ను పడితే కథ తిరగబడుతుంది. వాల్వు మూసుకోక, పట్టిన నీళ్లు పట్టినట్టే కారిపోతుంటాయి.

ఈ పని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. బట్టలు వేసేదీ తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లు. ఆ మూత సంగతి మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పరు. మెషీన్ బిగించడానికి వచ్చినవాళ్లు బటన్లు చూపించి వెళ్లిపోతారు. నాకు ఇది నచ్చదు. మా అత్తయ్యకి పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే, "ఇంతేనా అమ్మాయ్? దీనికా ఇన్నాళ్లూ మనిషి కోసం ఎదురుచూసింది!" అన్నారు. మెషీన్ మీద పిన్నీసుల డబ్బా పెట్టిందీ, పిల్లల జేబులు తడిమి చూడటం అలవాటు చేసిందీ ఆవిడే. ఇప్పుడు నెలకోసారి ఫిల్టరు ఆవిడే విప్పుతారు. తిరిగి బిగించేముందు రబ్బరు వాషరు కూడా తుడుస్తారు, అక్కడ చిన్న నలుసున్నా నీరు కారుతుందని.

ఫిల్టరు విప్పకుండానే కొత్త పంపు వేయాలని ఎవరైనా అంటే, ముందు విప్పి చూపించమని అడగండి. అంతకంటే ముందు, మెషీన్ బాగా పనిచేస్తున్న రోజుల్లోనే, ఈ ఆదివారం ఆ మూత మీరే ఒకసారి తీయండి. ఇంట్లో బట్టలు ఉతికే మనిషి ఎవరైతే వాళ్లని పక్కన ఉంచుకుని తీయండి.